మసీదు గోడకు కుళాయి

హలో… ఆ, నేనే అక్కా… నవ్వట్లేదు… సరే, నవ్వుతున్నా. ఆగట్లేదు, ఏం చేయను…

నాన్నకేం కాలేదు. ముందు నువ్వు కూర్చో…

మసీదు బావి నీళ్లు వీధిలోకొచ్చాయి… ఆ, అదే. చుట్టుపక్కల ఊట మిగిలిన బావి ఇంకేముంది…

కుళాయా? నేనే పెట్టాను. ఇంట్లో ప్లంబర్ని పెట్టుకుని ఊరంతా వెతుకుతారా…

లేదు, కమిటీ ఒప్పుకోలేదు. నీళ్లు నమాజుకొచ్చేవాళ్ల వజూకే చాలవు, వీధికిస్తే ఇమామని కూడా చూడం, నాన్ననే మార్చేస్తామన్నారు ప్రెసిడెంటుగారు…

నాన్న ఊరుకుంటారా? శుక్రవారం అందరి ముందూ ఒక్క చెంబుతో వజూ చేశారు. చేతులు, ముఖం, కాళ్లు, అన్నీ. ఇంకా గుక్కెడు మిగిల్చారు. "వానలు దారి తప్పి మూడేళ్లయింది. పడితే ఒక్క పూటలో కొంపలు ముంచి పోతున్నాయి. పారే ఏటి ఒడ్డునైనా వృథా వద్దన్నారు ప్రవక్త. ఎండిన వీధిలో మనమెంత జాగ్రత్తగా ఉండాలి" అన్నారు…

అడిగారు కమిటీవాళ్లు, ఎవరెవరికిస్తారని. "దాహమేసినవాళ్లకి. సందు చివర కుక్కతో సహా" అన్నారు…

ఆ, ఇవాళే. విను మరి. మోటారు వేసి కుళాయి తిప్పానా— పిడి ఊడి నా చేతికొచ్చింది…

నా పనితనమే, ఒప్పుకున్నాగా. నీళ్లు ఎదురింటి గోడదాకా చిమ్ముతున్నాయి. "వృథా, వృథా" అని నాన్న ఒకటే గోల. జనం బిందెలు, గిన్నెలు… టైలరైతే నెత్తిన టోపీ తీసి పట్టాడు…

సరిగ్గా అప్పుడే దిగారు ప్రెసిడెంటుగారు. ఎండకి గొడుగేసుకుని, ఆపించడానికి…

ఎక్కడ తిట్టారు? తిడదామని నోరు తెరిచారు, నోటినిండా నీళ్లు… ఒట్టు. గుటకేశారు. వేసి, నాన్న వంక చూశారు. చూసి, గొడుగు తిరగేసి పట్టారు…

ఆ, తిరగేసి. నిండాక జాగ్రత్తగా మోసుకెళ్లి వెనకున్న ముసలావిడ బిందెలో వంపారు. వంపి మళ్లీ పరుగు…

ఇప్పుడు వాల్వు కట్టేశాలే… నాన్న ఉద్యోగం సంగతా? ప్రెసిడెంటుగారిని అడక్కుండా ఉంటానా…

"ఇమామును మార్చే తీరిక ఎవరికుందమ్మా, ముందు రెండో కుళాయి పెట్టు" అన్నారు…

అక్కా… ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా…

ఉండుండు, పిలుస్తున్నారు. పానా పట్టుకుని పక్కనే నిలబడ్డారు ప్రెసిడెంటుగారు. బిందెల వరస సందు మలుపు దాటిందట… పెట్టేస్తున్నా—