రెండో సగం

హలో… ఆ, నేనే సార్. సెలీనానే. గొంతు గుర్తుపట్టలేదా?

లేదు, ఆఫీసు ఫ్లోర్ మీద లేను. మెట్ల కాడికొచ్చిన. లోపలికి ఫోన్లు తీసుకపోనియ్యరు మమ్మల్ని. బ్రేక్‌ల తీసి చూస్తే అన్నీ మీ కాల్సే. మేడం బాగున్నరా?

…చెప్పండి.

…

తెలుసు సార్. వీడియో పోయింది.

ఛానల్ పోలే. ఆ ఒక్క వీడియోనే తీసేసిండ్రు… మీరు ఇయ్యాలనే చూసుకున్నరా? అది మొన్ననే పోయింది.

…

సార్, జర మెల్లగ. మీకు బీపీ ఉంది.

…అవును. ఏ పార్టీ జెండా పట్టలే మీరు. ఎవ్వడి రూపాయి ముట్టలే. రిటైరైనంక సివిక్స్ పాఠం చెప్పుకుంటున్నరు, అంతే. నాకు తెల్వదా?

…సముద్రం అవతల కూర్చున్నోడు బాచుపల్లిల మీ నోరు మూసిండు. ఊ… అర్థమైతున్నది.

ఏంది, లైవా? సాయంత్రమా? ఎవరి ఛానల్ల?

ఆంజనేయులు సార్ ఛానల్ల… ఆయనకు చూసేటోళ్ళు చాన మంది.

ఏమని మాట్లాడుతరు?

…‘ఒక దేశం మీద బాంబులేసినోడే మన మాటల మీద కత్తెర ఏస్తున్నడు.’ … బాగుంది సార్. చప్పట్లు పడతయి.

…ఎగతాళి చేస్తలేను. నా గొంతే గట్ల అయింది ఈ మధ్య.

సార్. లైవ్ పెట్టకండి.

…నౌకరీ కోసం కాదు. నన్నెవరు పట్టించుకోరు. మేము ఆ వీడియోల కంపెనీ కూడ కాదు, కాంట్రాక్టోళ్ళం. పని వాళ్ళది, కుర్చీలు మావి.

…అబద్ధం అయితది సార్. అందుకు వద్దంటున్న.

వాళ్ళు తియ్యలే. నేను తీసిన.

…

…సార్?

ఉన్నరా?

…ఆ. నేనే. తెలుగుల ఎవరన్నా ఒక వీడియో మీద కంప్లైంట్ కొడితే మా టీం కాడికొస్తది. చూసి, ఉంచాల్నా తియ్యాల్నా చెప్పుడు మా పని. మీది నా స్క్రీన్ మీదికే వచ్చింది.

లేదు, పైనుంచి ఎవ్వరు చెప్పలే. మిషిన్ అయితే ‘ఉంచు’ అన్నది. రాజకీయ అభిప్రాయం, ఉంచు అని. నేనే ‘తీసెయ్’ నొక్కిన. హింసను మెచ్చుకుంటున్నడని కారణం పెట్టిన.

…

తిట్టండి సార్. ఫరవాలే.

…స్టూడెంటునే. స్టూడెంటును కాబట్టే తీసిన.

సార్, మీ పాఠం ఎట్లుంటదో మాకు తెలుసు. లోకానికి తెల్వదు. మొదటి సగం మీరు బలమున్నోడి పక్కన నిలబడి మాట్లాడుతరు, వాని మంత్రి లెక్కనే. మేము బెంచీల కోపంతోని పండ్లు కొరుకుతుంటిమి. తర్వాత నీళ్ళు తాగి, ‘ఇదీ వాడి వాదన. ఇప్పుడు నాది వినండి’ అని మొత్తం కూలగొడుతుంటిరి. మాకు రోమాలు లేస్తుండె.

కానీ క్లాసుల తలుపేసి ఉంటుండె సార్. రెండో సగం వినకుంట ఒక్కరు కూడ బయటికి పోయేది లేకుండె. ఫోన్ల తలుపు ఎక్కడిది?

…కోసుకున్నరు. ఆ యుద్ధం పాఠంల మొదటి సగమే కోసుకున్నరు. మీరు చూడలేదా?

‘పక్కింట్లో మంటలు లేస్తుంటే తలుపు కొట్టి అనుమతి అడుగుతామా? పగలగొట్టుకుని పోతాం.’ … ఆ, మీ మాటనే. దాని ఎనక పాట పెట్టి, విమానాలు పెట్టి, పడుతున్న బాంబుల మధ్యల మీ మొఖం పెట్టిండ్రు. కింద ‘సివిక్స్ సారే అన్నడు, తప్పు లేదు’ అని. వారం సంది తిరుగుతున్నది. మా మూసాపేట చర్చి గ్రూపుల కూడ వచ్చింది.

…తెలుసు సార్. మీరు దానికి జవాబు కూడ చెప్పిండ్రు. మంటలార్పడానికి వచ్చినోడు మళ్ళ పోడు, ఆ ఇంట్లనే మంచమేసుకుంటడు. పగిలిన తలుపులకెంచి తర్వాత ఎవడైన వస్తడు. ఇంకొకని ఇంట్ల దూరుడు బలం కాదు, దూరగలిగి కూడ గడప బయట ఆగుడే బలం… ఇంటర్ల చెప్పిండ్రు. ఇంక యాదికుంది.

…వీడియోలనా? లేదు. వీడియోల వినలే.

మాకు కంప్లైంట్ కొట్టిన ముక్కనే వస్తది. మొత్తం చూడాలంటే చూడచ్చు. చూసేంత టైం ఇయ్యరు. రెండో సగంల ఏముంటదో నాకు తెలుసు కదా అనుకున్న.

…

ఎందుకు తీసిన్నంటే… అసలుది తీసేస్తే దాంట్లకెంచి కోసినవి కూడ వాటంతట అవే పోతయి సార్. మిషిన్ పోల్చుకొని తీసేస్తది. మా కాడ దినాం అయ్యేదే. మీ మొఖం ఆ బాంబుల నడుమల ఉండద్దని… అంతే. మీకు ఫోన్ చేసి చెప్దామనుకున్న.

…పోలే.

పాట కలిపిండ్రు కదా. మొఖం కుడిది ఎడమకు తిప్పిండ్రు. మిషిన్ పోల్చుకోలే. అన్నీ ఉన్నయి.

…అవును. రెండో సగం ఉన్నది అదొక్కటే. దాన్నే తీసిన.

…

మీ కాడ కాపీ లేదా?

…ఫోన్ నిండిందని చెరిపేసిండ్రా. పెట్టేసినంక మళ్ళెందుకని.

…అప్పీలు పెట్టుకోండి సార్. నాకు రాదు, ఇంకొకరికి పోతది. ఎన్ని దినాలు పడుతదో చెప్పలేను.

…

ఏడుస్తలేను.

…బాగనే ఉన్న సార్. ఏడిస్తే మంచిగుంటుండె. పొద్దుగాల నుంచి చూసుడే పని. కూలిన ఇల్లు. తర్వాత బిర్యానీ. తర్వాత ఎవరో పిలగాన్ని ఎత్తుకొని ఉరుకుతుంటరు. తర్వాత పెండ్లి డాన్సు. అన్నిటికీ అవే బటన్లు. కొత్తల అన్నం పోకుండె. ఇప్పుడు పోతున్నది. కూర బాగలేదని కూడ అంటున్న.

…కౌన్సెలరున్నది. మంచిదే. ఊపిరి పీల్చుకోమంటది.

సార్, హన్నా యాదికుందా?

…ఆ, ఆమెనే. రెండో బెంచి. మొదటి సగంలనే లేచి, ‘ఇది మీరు నమ్మి అంటున్నరా సార్’ అని మీతోని కొట్లాడేది. మీరు నవ్వి కూసోమనేటోళ్ళు.

నర్సింగ్ చేసింది. …ఇక్కడ కాదు సార్.

అక్కడ.

…ఆ. ఆ దేశంలనే. మీరు పాఠం చెప్పిన దేశంలనే. రాజధానిల పెద్ద దవాఖాన. పెద్ద దేశపోళ్ళు దిగకముందు నుంచే ఉంది.

…తెచ్చిండ్రు, విమానాల్ల మనోళ్ళను చానమందిని తెచ్చిండ్రు. ఈమె రాలే. వార్డుల పేషెంట్లను ఎవరి మీద ఇడిసి రావాలె అన్నది. వాళ్ళ అమ్మ ఎంత మొత్తుకున్నా ఇనలే.

…సార్, ఆ ముక్క ఆమెకు కూడ పోయింది. ఎవరు పంపిండ్రో తెల్వదు.

మొన్న సాయంత్రం నాకు మెసేజ్ పెట్టింది.

…‘సెలీనా, సార్ నిజంగ గట్లనే అనుకుంటున్నరా?’

అంతే. అదొక్కటే. కరెంటు లేదని రాయలే, భయమైతున్నదని రాయలే. మీ గురించి అడిగింది.

…

సార్, కూసోండి. మేడంను పిలువుండ్రి. … కూసున్నరా?

…చెప్తున్న. లింకు పంపిన సార్. ఆఖరి దాక చూడు అని రాసి పంపిన. ‘తెరుసుకుంటలేదే, వీడియో లేదంటున్నది’ అని పెట్టింది.

…అప్పటికే పోయింది కదా. పొద్దుగాల నేనే తీసిన. సాయంత్రానికి మర్చిపోయిన.

నిజంగ మర్చిపోయిన సార్. మీదని తెలిసే తీసిన, అయినా మర్చిపోయిన. దినాం ఎన్ని తీస్తమో. ఆమె లేదంటే అప్పుడు యాదికొచ్చింది.

…ఆగు, ఇంకో కాడ దొరుకుతదేమో దేవులాడి పంపిస్త అన్న. సరే అన్నది. రాత్రి దాక దేవులాడిన. అన్నీ ముక్కలే. అన్నిట్ల మీరు తలుపు పగలగొట్టుడే.

…

ఇంకోటుంది సార్.

ఇయ్యాల పొద్దుగాల ఒక వీడియో వచ్చింది. దవాఖాన వరండా. మొత్తం పొగ. గోడ సగం లేదు. ఒక ఆకుపచ్చ తలుపు, దాని మీద చెయ్యి కడుక్కోమని బొమ్మ. ‘హెచ్చరికతో ఉంచు’ నొక్కిన. తర్వాత మామిడికాయ తొక్కు పెట్టుడు వచ్చింది. అది కూడ నొక్కిన.

చాయ్ తాగుతుంటే తట్టింది. ఆ తలుపు ముందట నిలబడే హన్నా నాకు వీడియో కాల్ చేసేది. అక్కడనే సిగ్నల్ వస్తదని. ఎనక ఆ బొమ్మ కనపడేది.

…తెల్వదు సార్. మనుషులు కనపడలే. పొగనే.

…ఫోన్ కలుస్తలేదు. వాళ్ళ నాయిన, జ్ఞానప్రకాశం అంకుల్, ఎంబసీకి చేసిండు. పేరు రాసుకున్నరంట, తెలిస్తే చెప్తమన్నరంట.

…నాకా?

ఏమనిపించలే. అదే మీకు చెప్పాలనుకుంటున్న. అది ఆమె వార్డు అని తెలిసింది. చాయ్ చల్లగైంది. తాగిన. కప్పు కడిగి పెట్టిన. నాకు ఏమో అయింది సార్. ఏమయిందో కూడ తెలుస్తలేదు.

…

మీ తప్పు అనకండి.

…మీదే అనుకోండి. అయితే మాత్రం నాది పోతదా?

…లైవ్ వద్దా? మరి ఆంజనేయులు సార్‌కు ఏం చెప్తరు?

…సరే.

…పాఠం మళ్ళ చెప్తరా? ఇప్పుడా? … ఫోన్లనే రికార్డు చెయ్యచ్చు. రెండో సగం ఒక్కటే చెప్పండి. హన్నా నంబరు నేను పెడుత. పంపండి. నేను కూడ ఆమెకు…

…ఏంది సార్?

…ఆమె అడిగినప్పుడా? చెప్పిన కదా, లింకు పంపిన.

…ఆ, తెరుసుకోలే.

…అప్పుడు దేవులాడిన. ఇంకో కాడ ఉంటదేమోనని…

…

…నోటితోని.

…

అవును సార్.

ఒక్క మాట. ‘లేదు హన్నా, సార్ గట్ల అనుకుంటలేరు.’ అయిపోతుండె. ఆమె ఫోన్ చేతుల పట్టుకొని నా జవాబు కోసమే చూస్తున్నది అప్పుడు. ఆన్‌లైన్లనే ఉంది.

…తట్టలే.

…అబద్ధం ఎందుకు చెప్త సార్, నిజంగ తట్టలే. వీడియో దొరికితే చూపిద్దాం, చూస్తే ఆమెకే తెలుస్తది అనుకున్న. ఆమె వీడియో అడగలే. నన్ను అడిగింది. ఇంటర్ల పక్కన కూసున్నదాన్ని కదా, నాకు తెలుస్తదని నన్ను అడిగింది. నేను లింకు పంపిన.

…

…

ఉండండి. స్పీకర్ల పెడుతున్న.

…రాస్తున్న సార్.

‘లేదు హన్నా. సార్ గట్ల అనుకుంటలేరు. ఎన్నడు అనుకోలే.’

…పంపిన.

…లేదు సార్. ఒకటే టిక్కు.

…ఆమె ఫోన్ కాడికి పోలే అన్నట్టు. పోతే రెండోది పడుతది.

…చూస్తనే ఉన్న.

జాన్సన్, ఒక్క నిమిషం, వస్తున్న— మా టీం లీడ్ సార్. బ్రేక్ అయిపోయింది.

…మీరు కూడ పంపండి. మీ గొంతు ఉంటే ఆమెకు… ఆ. పంపండి.

…లేదు, ఇంక ఒకటే.

పోవాలె సార్. …మీరు పెట్టెయ్యండి. మీ ఫోన్ నేనెన్నడు ముందుగాల కట్ చెయ్యలే.

…

సార్, మీరు కూడ పెడుతలేరు.

…సరే. నేనే పెట్టేస్తున్న.