స్వీడన్‌ల లైట్‌హౌజులకు సున్నమేసిన ముచ్చట

…ఏమనుకోకు సత్తవ్వా, క్యాసెట్ ఒక దిక్కంత మంచిచెడ్డలకే నిండింది, నువ్వడిగిన దానికి జవాబు ఈ దిక్కు చెప్తున్న. లీవ్ ఉండంగ పోయిన ఎండకాలం ఎందుకు రాలేదని రాసినవ్. నేను మస్కట్‌ల ఉంటెగద వచ్చెటందుకు? స్వీడన్‌ల ఉంటి.

"స్వీడనా?"

గీయన రషీద్ భాయ్, కడపాయన, ఈడ మస్కట్‌ల రూవి బస్తీల మా రూమే. శుక్రారం గదా, ఛాయ్ తాగుకుంట కూసున్నం.

మా సైట్ ఇంజనీర్‌ది స్వీడనే. గోథెన్‌బర్గ్ అని పెద్ద ఓడరేవు. ఆ ఊరి ముందట సముద్రంల అన్ని బోడ బండలే, బండ బండకొక లైట్‌హౌజు. ఒకదానికి సున్నం రాలింది, దేవదాసూ నువ్వొచ్చి జర చెయ్యివెట్టు అన్నడు. వోయిన, ఒక్క పూటల ఏసిన. గంతే.

ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? దాన్ని చూసి పక్క బండ మీదోళ్ళు పిలిచిన్రు, వాళ్ళను చూసి అవుతలోళ్ళు. గట్ల నలభై రెండు. ఆఖరుది జర ఒరిగి ఉన్నది. దారానికి గుండు కట్టి చూసిన, జానెడు తేడా. భుజం వెట్టి నూకిన, నిలవడ్డది.

"ఏ దిక్కు ఒరిగింది కాకా?"

గీడు ప్రభాకర్ గాడు, మా రూమ్‌ల చిన్నోడు, ఉత్తగనే నవ్వుతడు. మన దిక్కేరా, నేను వస్తున్నని తొంగిచూసింది.

ఇగ మంచు దిగింది. మంచంటే మన మంచు గాదు, తాపీ గుచ్చితే నిలవడ్డది. లైటు అండ్లకెల్లి వోతలేదు. అవుతల మూడు ఓడలు, నిండ మనుషులు. ఏం జేస్తవ్? ఆ మంచును ఇటుకల లెక్క కోసిన, గోడ కట్టిన, నడుమ దర్వాజ విడిచిన. మూడు ఓడలు వొంగుకుంట లోపటికి వచ్చినయ్. ఆ దర్వాజలకెల్లి వోయిన వెల్తురు ఈడ మత్రా రేవు దాక వడ్డదట, మీరు చూడలేదా?

"నేను నిద్రవోయిన కాకా."

నిద్రవోతవ్ మరి! ఆ ఊరోళ్ళు నా కాళ్ళు వట్టుకున్నరు సత్తవ్వా, నువ్వు వోతే మంచు ఎవరు కోస్తరని. గందుకే లీవ్…

"అంతా బాగుంది దేవదాసు భాయ్. పాస్‌పోర్ట్ యాడిది నీకు? మనందరివీ అర్బాబ్ బీరువాలో ఉండాయి గదా, నాలుగేండ్ల నుంచి?"

…రషీద్ భాయ్, ఆ బటన్ ఒత్తు జర. ఆపు.

"ఆపను. మా చెల్లెలు సత్తవ్వ అడిగింది స్వీడన్ గురించి కాదు."

…సత్తవ్వా. నేను యాడికి వోలే. ఎండకాలమంత ఈడ్నే, సైట్ల. లీవ్ కాయితం మూడుసార్లు రాయించిన, మూడూ నా పెట్టెలనే ఉన్నయ్. పాస్‌పోర్ట్ ఇయ్యమని అర్బాబ్‌ను, అంటే మా మాలిక్‌ను, నోరుతోని అడగాలె. ఆయన ముందట నిలవడితే నాకు మాట రాదు.

"దేవదాసూ! అర్బాబ్ కింద జీపుల ఉన్నడు, ఐదు నిమిషాలల్ల వోతడట. లీవ్ అడుగుతనంటివి, దిగుతవా లేదా?"

ఆఁ మేస్త్రీ… వస్తున్న! ప్రభాకర్, పెట్టె తియ్యి, కాయితం ఇటియ్యి. మూడిట్ల ఏదన్న ఒకటి. రషీద్ భాయ్, నువ్వు గూడ రా, నా పక్కపొంటి ఊకె నిలవడు. సత్తవ్వా, క్యాసెట్ అయిపోవచ్చింది, ఆయనను అడిగి—