ఆదెమ్మ కొసరు బేరం

ఆదెమ్మని, మా చిన్నమ్మోళ్ళ ఊర్లో ఒకామె, కొసరు లేందే కొత్తిమీర కట్ట కూడా కొనేది కాదంట. కిలో వంకాయలు తూయించుకుంటే పైన ఇంకో కాయ పడాల్సిందే. అది పడిందాకా బండాణ్ణి కదలనిచ్చేది కాదనుకో. ఏమైందంటే, ఆళ్ళింటి తాటాకు కప్పు చిల్లులు పడింది. వానలేమో ఇయ్యాలో రేపో అన్నట్టున్నయ్. మొగుడు చెంచయ్య మేకపిల్లని అమ్మి ఆ డబ్బు ఈమె చేతిలో పెట్టాడంట. "నాకు చేలో పనుంది గానీ, టౌనుకి పోయి టార్పాలిన్ పట్టా ఒకటి పట్టుకురా. పోయినేడు బస్తాల్లో వడ్లు తడిసి మొలకలొచ్చినయ్, యాదుందిగా? ఈసారి కూడా తడిస్తే ఏం తింటాం?" అన్నాడు. నాకు తెలవదా ఏంది అని ఈమె బస్సెక్కింది.

టౌను చివర కొత్తగా ఒక కొట్టు పెట్టారంట, గోదామంత ఉందంట. అన్నీ చవకని బస్సులో ఎవరో చెప్తే ఈమె అక్కడికే పోయింది. పోగానే ఎదురుగ్గా బకెట్లు. నీలంవీ, ఎర్రవీ. "ఒకటెంతమ్మా?" అంటే అక్కడి పిల్ల ఒకటి ఇయ్యం, డజను తీసుకోవాల అందంట. "డజనా! ఇంట్లో ఉండేది ఇద్దరం. సరే, తీసుకుంటే కొసరేమిస్తావ్?" "రెండు బకెట్లు ఉత్తినే ఇస్తామండీ." ఇన్నారా! ఒక వంకాయకి అరగంట పోట్లాడే మనిషికి, అడిగీ అడగంగానే రెండు బకెట్లు! ఇంక ఆగుద్దా? తీసుకుంది. ఆ పక్కన సబ్బులు, పెట్టె కొంటే ఐదు ఉత్తినే. అదీ తీసుకుంది. పట్టాలున్న చోటికి పోయేసరికి చేతిలో ఆటో కిరాయి మిగిలిందంట, అంతే.

ఆటో దిగిన బకెట్లని చూసి చెంచయ్య, పట్టా ఏదే అన్నాడు. "అది కాదయ్యా, రెండు బకెట్లు, ఐదు సబ్బులు ఉత్తినే వచ్చినయ్. ఎంత మిగిల్చానో తెలుసా?" "అట్టనా? ఆ మిగిలింది ఇటియ్యి, పోయి పట్టా తెస్తా." ఆదెమ్మ గబగబా కొట్టోళ్ళిచ్చిన చీటీ తీసింది. తిరిగిచ్చేద్దామంటే అమ్మిన సరుకు వాపసు తీసుకునేది లేదని దాని మీదే ఉందంట. వడ్ల బస్తాల వంక చూసేసరికి పాపం కళ్ళనీళ్ళు తిరిగినయ్. తెల్లారి లేచి బకెట్లు నెత్తినెత్తుకుని బజారెంట అమ్మటానికి బయల్దేరింది.

ఊళ్ళో ఆడోళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? "మరి కొసరేదీ వదినా?" అని ఒకామె. "కొసరు లేకుండా నువ్వెప్పుడన్నా కొన్నావా అత్తా?" అని ఇంకొకామె. బకెట్టుకో సబ్బు, ముదురు మనిషైతే మూడు. అట్టా పదమూడు బకెట్లు పోయేసరికి సబ్బులన్నీ ఐపోయినయ్. ఆఖరిది యానాదమ్మని ఒక ముసలామె బేరమాడింది. "సబ్బుల్లేవు పెద్దమ్మా." "ఐతే బకెట్టొద్దులే." అప్పటికే మబ్బు కమ్ముకొస్తా ఉంది, పట్టాకి ఆ ఒక్క బకెట్టు డబ్బే తక్కువ. ఏం చేస్తది? ఇంటికి పోయి తన పాత బకెట్టు తెచ్చి ముసలామెకి కొసరిచ్చింది. చెంచయ్య పరిగెత్తుకుంటా పోయి పట్టా తెచ్చి కప్పాడు, ఎనకమాలే వాన దంచింది. ఒక్క గింజ తడిస్తే ఒట్టు.

పొద్దున్నే కుళాయి వచ్చింది. నీళ్ళు పడదామంటే ఆదెమ్మింట్లో బకెట్టు లేదు! యానాదమ్మ గడపలో నిలబడి, "పెద్దమ్మా, ఒక్క బకెట్టు, ఇప్పుడే తెచ్చిస్తా" అందంట. ముసలామె నవ్వాపుకోలేక కొత్తదే తీసిచ్చింది. ఆదెమ్మ అందుకుని, పోకుండా అక్కడే నిలబడి, "అట్టనే ఒక చెంబు కూడా ఇయ్యరాదా" అందంట! ఏందే సుబ్బులూ, తెగ నవ్వుతన్నావ్, నిన్న ఉల్లిపాయల బండి కాడ నువ్వు చేసింది నేను చూళ్ళేదనుకున్నావా?