పెడల్ మీద కాలు

అధ్యక్షస్థానంలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న డిపో మేనేజరుగారికి, నాకంటే ముందు రిటైరై నాకంటే పడుచుగా కనిపిస్తున్న పెద్దలకు, వర్క్‌షాపు మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

ఇందాకటి నుంచి అందరూ నన్ను తెగ పొగిడారు. కాదనను, బాగానే ఉంది. కానీ వెనక వరసలో ఒక పిల్ల ఆ పొగడ్తల్లో ఒక్కటీ వినలేదు. మనందరం కళ్లజోడు అని పిలిచే మన కొత్త మెకానిక్కు. పొద్దున మినీబస్సుకు బ్రేకుల పని మొదటిసారి తనే సొంతంగా చేసింది. నేను వేదిక ఎక్కబోతుంటే చెయ్యి పట్టుకుని, "అమ్మా, అది గేటు దాటేలోపు ఒక్కసారి మీరు చూడండమ్మా" అంది. దానికి జవాబు చెప్పాలంటే మా తాతయ్య షెడ్డుదాకా వెళ్లి రావాలి. మేనేజరుగారూ, గడియారం వైపు చూడకండి.

తాతయ్య మెకానిక్కు. బడి లేని రోజుల్లో నా ఉద్యోగం పెడల్ తొక్కడం. బ్రేకు గొట్టాల్లో చేరిన గాలిని బయటికి పంపడానికి ఇద్దరు కావాలి, ఒకరు కింద, ఒకరు పైన. ఆయన వ్యాను కింద పడుకుని "తొక్కు, పట్టు, వదులు" అంటుంటే, కాలు అందక నేను స్టీరింగుకు వేలాడుతూ తొక్కేదాన్ని. "పిల్లకు గౌను కుట్టిస్తే తుడుపుగుడ్డ చేశావు కదయ్యా" అని అమ్మమ్మ ఆయన్ని రోజూ దులిపేసేది. నా చదువంతా ఆ సీటు మీదే, డిగ్రీ ఆ గౌను మీద ఉంది. (నవ్వులు)

తాతయ్యకు ఒక నియమం ఉండేది. బ్రేకులు చేసిన బండి మొదటిసారి వాలు దిగేటప్పుడు పక్కన అమ్మమ్మ కూర్చోవాలి. "మనవాళ్లని ఎక్కించలేని బండిలో ఊళ్లోవాళ్లని ఎలా ఎక్కిస్తామే?" అనేవాడు.

ఒకరోజు ఉన్నట్టుండి, "ఇవాళ నువ్వు కింద, నేను పైన" అన్నాడు. నేను కిందనుంచి "తొక్కు తాతయ్యా!" అని అరిస్తే, "మెల్లిగానే, నేను చెవిటివాణ్ణి కాదు" అని విసుక్కున్నాడు. పని అయ్యాక బయటికొచ్చి, "నువ్వోసారి చూడవూ?" అని బతిమాలాను.

"పెడల్ మీద ఉన్న కాలు నాదేగా? గాలంతా పోయి పెడల్ గట్టిపడింది. ఇంకేం చూడాలి?"

అమ్మమ్మ వచ్చింది. "ఎవరు చేశారు?"

"పిల్ల."

"నువ్వు కిందకి దూరి చూశావా?"

"లేదు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. (విరామం) "అయితే జరగవే, కిటికీ పక్కన నేను కూర్చుంటా."

వాలు మధ్యలో తాతయ్య బ్రేకు తొక్కాడు. ఆగింది. అమ్మమ్మ ఒళ్లో చేతిసంచీ కూడా జారలేదు. అయ్యలారా, ఇవాళ్టి ఈ జ్ఞాపికతో సహా, ఆవిడ ఆ కిటికీ పక్కన కూర్చున్న తీరును మించిన సన్మానం నాకు ఇంతవరకు జరగలేదు.

కళ్లజోడూ, లేచి నిలబడమ్మా. పొద్దున నువ్వు కిందనుంచి "తొక్కండమ్మా" అన్నప్పుడు పెడల్ మీద ఉన్న కాలు ఎవరిది? (చప్పట్లు)

మేనేజరుగారూ, నన్ను దింపడానికి కారు తెప్పించారట, చాలా సంతోషం. దాన్ని పంపించేయండి. మావారు, నా మనవరాలు, నేను ఆ మినీబస్సులో వెళ్తున్నాం. ఇన్నేళ్లు నన్ను భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక బయల్దేరతాను, కిటికీ పక్క సీటు ఎవరైనా పట్టేస్తారు. సెలవు.