అటువైపు కూర్చుందా?

ఒక మనిషి చూడలేని చోటును అతని తరఫున మీరు చూసి చెప్పవలసి వస్తే, ఉన్నది ఉన్నట్టు చెబుతారా? తొందరపడి తల ఊపకండి. నేనూ ఇరవై రోజుల కిందటిదాకా మీలాగే ఊపేవాణ్ణి.

సభకు అధ్యక్షత వహిస్తున్న మా వర్క్‌షాపు యజమానురాలికి, ముందు వరుసలోని పెద్దలకు, కారు మా దగ్గర పడి ఉండడం వల్ల బస్సులో వచ్చిన పళ్ళ డాక్టరమ్మకు, పెయింటు షెడ్డు నుంచి చేతులైనా కడుక్కోకుండా పైకొచ్చిన తోటివాళ్ళకు, మా వదినకు, ఇవాళ మనం సాగనంపుదామని పూలదండ వేసి కూర్చోబెట్టిన మా హెడ్ మెకానిక్‌కు నమస్కారం.

మైకు ఇచ్చేముందు యజమానురాలు నా చెవిలో ఒక మాట వేశారు. "పది నిమిషాలు. ఆదివారం ప్రసంగం ఇక్కడ పెట్టావంటే మైకు తీగ పీకేస్తాను." (నవ్వులు) ఈ బైబిలు పుస్తకం తేవద్దని మాత్రం అనలేదు కనుక తెచ్చాను. దీన్ని నేను ఏ బడిలోనూ నేర్చుకోలేదు. పగలు ఇంజన్లు, సాయంత్రం వాక్యం, రెండూ పక్కవాణ్ణి చూసి నేర్చుకున్నవే. ఇంజన్ల విషయంలో ఆ పక్కవాడు పంతొమ్మిదేళ్ళుగా ఈయనే.

ఈయన అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. మనందరికీ మిల్లీమీటరన్న. ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి, "ఆ బోల్టు కొంచెం బిగించవయ్యా, చాలు" అన్నాడు. అన్న స్పానర్ల పెట్టె అంతా తెరిచి చూపించి, "కొంచెం అనే సైజు నా దగ్గర లేదండీ" అన్నాడు. (నవ్వులు) వదిన నవ్వడం లేదు. ఆవిడ బాధ ఆవిడది. ఇంట్లో వంటగది తలుపు కిర్రుమంటోందని ఆర్నెల్లుగా చెబుతుంటే, ముందు కొలత తీసుకోవాలంటాడట. ఏం వదినా, తీసుకున్నాడా? లేదట.

ఇప్పుడు పని గురించి చెబుతాను. ఈ పని తెలియనివాళ్ళు కూడా హాల్లో ఉన్నారు కాబట్టి తేలిగ్గానే చెబుతాను.

డాక్టరమ్మ వారమంతా జనం నోళ్ళు తెరిపిస్తారు, ఆదివారం ట్రాక్ మీద థ్రాటిల్ తెరుస్తారు. ఆ కారు ఇంకా గట్టిగా ఊపిరి పీల్చాలని, కంపెనీ బిగించిన ప్లాస్టిక్ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ తీసేసి బయట తయారైన అల్యూమినియంది పెట్టమన్నారు. మ్యానిఫోల్డ్ అంటే ఇంజన్లోకి గాలి పంచిపెట్టే నాలుగు గొట్టాల గుత్తి. దానికీ ఇంజనుకూ మధ్య గాలి దొంగతనంగా దూరకుండా ఒక గ్యాస్కెట్ ఉంటుంది. అట్టముక్కంత పలుచన. అది సరిగా కూర్చుంటే అంతా బాగుంటుంది. కూర్చోకపోతే పైన ఎంత ఖరీదైన అల్యూమినియం పెట్టినా అలంకారమే.

పెట్టె విప్పిన రోజున అన్న ఆ కొత్తదాని ముఖం మీద ఉక్కు స్కేలు ఆనించి, వెలుతురుకు ఎత్తి పట్టుకొని, ఒక చోట వెంట్రుకవాసి ఎత్తు కనిపిస్తే గంటసేపు ఆకురాయితో అరగదీశాడు. గొట్టాల నోళ్ళు ఇంజను నోళ్ళకు సరిపోయాయా అని వేలు పెట్టి తడిమాడు. పాత గ్యాస్కెట్ జిగురు ఒక్క పొరైనా మిగలకుండా గోకాడు. నేను ఇదంతా ఎందుకు చెబుతున్నానో ఆగి వినండి. ఆయన వైపు నుంచి తప్పు లేదని చెప్పడానికి.

ఆ కారులో మ్యానిఫోల్డ్ ఇంజను వెనక, బానెట్ లోపలి గోడకు ఆనుకొని ఉంటుంది. పైనుంచి వంగినవాడికి నట్లు అందుతాయి కానీ కింది అంచు కనబడదు. అందుకని ఒకడు కారు కింద పడుకొని టార్చి వేసి చూడాలి. మా షాపులో అన్న పెట్టిన ఆచారం ఒకటుంది. కింద ఉన్నవాడు "కూర్చుంది" అంటే తప్ప పైన ఉన్నవాడు మొదటి నట్టు తిప్పడు. నట్లు ఎనిమిది. నడుమ నుంచి చివరలకు మూడు విడతలుగా బిగిస్తాడు. ప్రతి విడతకు ముందు అడుగుతాడు, "అటువైపు కూర్చుందా?" అని. లోకమంతా కింద ఉన్నవాడు పైన ఉన్నవాణ్ణి నమ్మి బతుకుతుంది. మా దగ్గర మాత్రం పైనవాడు కిందవాడి మాట మీద నిలబడతాడు.

ఆ రోజు కింద పడుకున్నది నేను.

మ్యానిఫోల్డ్ దింపుతున్నప్పుడు గ్యాస్కెట్ అంచు, నట్టు ఎక్కించే కడ్డీల్లో చివరిదాని మరలకు తగులుకొని, నాలుగో గొట్టం దగ్గర మడత పడింది. టార్చి వెలుగులో నా రెండు కళ్ళతో చూశాను. టైము నాలుగు నలభై. ఆరు గంటలకు ప్రార్థన కూటంలో నా ప్రసంగం. చెబితే అంతా మళ్ళీ విప్పాలి, ఇంకో గ్యాస్కెట్ షాపులో లేదు, ఎంత లేదన్నా ఎనిమిదవుతుంది. పైనుంచి అడిగాడు, "అటువైపు కూర్చుందా, తమ్ముడూ?"

"కూర్చుందన్నా."

మొదటి విడత అయ్యాక అడిగాడు. కూర్చుందన్నాను. మూడో విడతకు ముందు అడిగాడు. కూర్చుందన్నాను.

ఆ సాయంత్రం నేను చెప్పిన వాక్యం ఏమిటో తెలుసా? మనిషి మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టుండాలి, అంతకు మించింది దుష్టుడి నుంచి వస్తుంది. బల్ల గుద్ది చెప్పాను. ముందు వరుసలో ఇద్దరు కన్నీళ్ళు పెట్టుకున్నారు. నా గోళ్ళలో అప్పటికింకా ఆ కారు గ్రీజు ఉంది.

పూర్వం ఒకాయన తెల్లవారేలోగా తన గురువును ముమ్మారు ఎరగనన్నాడు, కోడి కూసింది. నాకూ కూసింది. మర్నాడు పొద్దున ఇంజను స్టార్ట్ చేయగానే సన్నగా ఈల వినబడింది. ఐడ్లింగ్ నిలబడకుండా లేస్తూ పడుతూ ఉంది. ఎక్కడో గాలి దూరుతోందని అన్నకు ఆ క్షణమే తెలిసింది. గాలి దూరే చోట పడితే ఇంజను చప్పుడు మారుతుందని, చెయ్యి అందిన ప్రతిచోటా క్లీనర్ కొట్టి చూశాడు. అందని చోటు ఒక్కటే మిగిలింది. దాని గురించి నన్ను అడిగాడు. ఆ ముమ్మారు ఎరగనన్నాయన బయటికి పోయి వెక్కివెక్కి ఏడ్చాడు. నేను నాలుగోసారి కూడా "అటువైపు ఏం లేదన్నా" అని, వెళ్ళి టీ తాగాను.

అన్న సెట్టింగు సర్ది కొంతవరకు నిలబెట్టి, ఇంకా లోపం ఉందని డాక్టరమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆవిడ నెమ్మదిగా తోలి చూస్తానన్నారు. ట్రాక్ మీద మూడో రౌండులో బండి బలం పోయి, తాడు కట్టించుకొని వచ్చింది. ప్లగ్గులు విప్పితే మూడు లేత గోధుమ రంగులో ఉన్నాయి, నాలుగోది సుద్దముక్కలా తెల్లగా ఉంది, అంటే దొంగగాలి దూరుతున్నది అక్కడే. అన్న ఆ ప్లగ్గును చూడలేదు. తన కుడిచేతిని చూసుకున్నాడు.

ఆయన వేళ్ళకు ఈ మధ్య తిమ్మిరి వస్తోందని వదినకు తెలుసు, నాకూ తెలుసు. సరైన బిగువు రాగానే టార్క్ రెంచి టక్కుమంటుంది. "ఆ టక్కు నా వేలికి తెలియలేదేమోరా. ఈ చెయ్యి ఇక పనికిరాదు. ఈ కారు ఎవరిచేతనైనా విప్పించండి, నేను ముట్టుకోను" అన్నాడు. సోమవారం పని మానేస్తానని కాగితం రాసి ఇచ్చాడు. మనం హాలు అద్దంలా తుడిచి, గోడగడియారం కొని, ఈ సభ పెట్టుకున్నాం.

బుధవారం తన పనిముట్లు పంచిపెట్టాడు. మీలో చాలామందికి అందాయి. నాకు ఏది ఇచ్చాడో చూడండి. ఇదిగో, టార్క్ రెంచి. చేతిలో పెట్టి, "నీ కళ్ళు మంచివిరా, నువ్వు చూశావంటే నాకు దిగుల్లేదు" అన్నాడు. అయ్యా, ఈ పుస్తకంలో శాపాలు చాలా చదివాను. ఆ మెచ్చుకోలు అంత బరువుగా ఒక్కటీ లేదు.

నిన్న మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక నేను ఒక్కణ్ణే ఆ మ్యానిఫోల్డ్ విప్పాను. ఎనిమిది నట్లనూ ఒక్కొక్కటే కొలిచి విప్పాను. ఎనిమిదీ ఒకటే బిగువు, ఒక్కటి కూడా తేడా లేదు. ఆ చెయ్యి తప్పలేదు. తప్పింది నా నాలుక. మడత పడిన ముక్క కత్తిరించి ఈ పుస్తకంలో పెట్టుకొచ్చాను. ఇదిగో. ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటూ చూడండి.

వదినా, ఏమన్నారు? "ఇరవై రోజులు ఎట్లా నిద్రపోయావు" అంటున్నారు. పోయాను వదినా. బాగానే పోయాను. అదే నాకు ఎక్కువ భయం.

అన్న ఏదో అడుగుతున్నాడు, ఉండండి. ఎంత మడత అని అడుగుతున్నాడు.

నాలుగు మిల్లీమీటర్లన్నా.

(నవ్వులు)

డాక్టరమ్మా, మీ బండి ఆగింది నా వల్ల. యజమానురాలు గారూ, నన్ను ఏం చేయాలో రేపు మీరే నిర్ణయించండి, తల వంచుతాను. ఆదివారం మా సంఘం వాళ్ళ ముందు కూడా ఇదే చెబుతాను, ఆపైన నన్ను మళ్ళీ బల్ల దగ్గరికి పిలుస్తారో లేదో వాళ్ళ ఇష్టం. తప్పుడు సాక్ష్యం చెప్పవద్దన్న ఆజ్ఞ న్యాయస్థానాల కోసం అనుకున్నాను ఇన్నాళ్ళూ. కారు కింద పడుకున్నవాడికి కూడా అని తెలియలేదు.

అన్నా, సభ కదా అని ఇందాకటి నుంచి "ఆయన" అంటున్నాను. ఇక నా వల్ల కాదు. నీ వేళ్ళకు తిమ్మిరి నిజమే, దాన్ని డాక్టరుకు చూపిద్దాం. నువ్వు ఇల్లు చేరి వంటగది తలుపుకు కొలత తీసుకుంటానంటే అదీ నీ ఇష్టం. కానీ నీ చెయ్యి నిన్ను మోసం చేసిందన్న అబద్ధాన్ని వెంటపెట్టుకొని మాత్రం ఈ మెట్లు దిగకు. అది నీది కాదు, నాది. ఇచ్చెయ్యి.

మాట్లాడనిచ్చినందుకు అధ్యక్షులకు, మైకు తీగ పీకనందుకు మళ్ళీ వారికే, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు నేను పుచ్చుకుంటున్నాను, ఈయనకు మాత్రం అప్పుడే ఇవ్వకండి. కొత్త గ్యాస్కెట్ మొన్ననే వచ్చింది. కింద షెడ్డులో మూడో గడిలో కారు బానెట్ ఎత్తే ఉంది, మ్యానిఫోల్డ్‌దీ ఇంజనుదీ ముఖాలు రెండూ తుడిచి పెట్టాను. రేపటిదాకా ఆగితే నువ్వు ఆలోచిస్తావు, నేను మళ్ళీ సాకు వెతుక్కుంటాను. ఇవాళే, భోజనాలకు ముందే. ఆ దండ తీసి వదిన చేతికివ్వు, ఈ రెంచి పట్టుకో. నేను కిందికి దూరతాను, నువ్వు పైనుంచి అడుగు. లే అన్నా.