ఒక్క ప్రశ్నా వదలని బ్లాగు

శుక్రవారం మధ్యాహ్నం అస్కర్‌లో సోహెల్ భాయ్ చాయ్ దుకాణం ముందు నాలుగు కుర్చీలు పడ్డాయంటే అందులో ఒకటి కేశవరావుది. కాకినాడ మనిషి, గల్ఫుకొచ్చి మనామాలో ఓ స్కూల్లో లైబ్రేరియన్‌గా చేస్తున్నాడు. స్కూల్లో ఆయన మాట వినే నాథుడు లేడు. ఇక్కడి లేబర్ క్యాంపు వాళ్ళు మాత్రం "సారూ" అంటారు. ఆ పిలుపు కోసమే బస్సెక్కి ఇంతదూరం వచ్చేవాడు. వచ్చాక మాటలు కోటలు దాటేవి.

"మొదట్లో చిన్నగానే అనుకున్నానండీ," అన్నాడు ఆ రోజు. "రెండువేల ఏడులో లైబ్రరీ పేరు మీద తెలుగులో ఓ బ్లాగు పెట్టాను. ఏ పుస్తకం చదవాలి, ఏ పరీక్షకి ఫీజు ఎప్పుడు కట్టాలి, అన్నీ రాసేవాణ్ణి. మీ ప్రశ్న కింద రాయండి, ఒక్క రోజులో జవాబు అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరక్కుండా లక్షమంది చూశారు. చూసినవాళ్ళ లెక్క చూపించే గడి ఉంటుందే, అందులో అంకెలు పట్టక పక్కకి కారిపోయేవి."

"గడి పగలలేదా సారూ?" అన్నాడు సోహెల్ చాయ్ పోస్తూ.

"పగిలేదే, నేను చెయ్యి అడ్డం పెట్టబట్టి ఆగింది. ఇంతలో అమెరికా నుంచి ఫోను. నా బ్లాగు దాచిన కంప్యూటరు కాలిపోతోందట. కేశవరావు గారూ, కాస్త తక్కువ రాయండి, ఐసుగడ్డలు పెట్టి పెట్టి మా చేతులు కొంకర్లు పోతున్నాయన్నారు. నేను తగ్గుతానా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంటర్నెట్టు వచ్చే తీగ సముద్రం అడుగున ఉంది కదా, చదివే జనం ఎక్కువై అది ఎర్రగా కాగిపోయింది. సిత్రా తీరం దగ్గర జాలర్ల వలలో చేపలు ఉడికే పడ్డాయి. ఉప్పూ కారం చల్లుకుని తినేశారు."

అందరూ నవ్వారు. కేశవరావు కూడా నవ్వాడు గానీ లోపల కలుక్కుమంది. ఆ గడిలో అంకె నాలుగొందలు దాటలేదు. అందులోనూ ముప్పాతిక ఆయనే. ఎవరైనా వచ్చారేమోనని పీరియడు పీరియడుకీ తెరిచి చూసుకునేవాడు, చూసినప్పుడల్లా ఒకటి పెరిగేది. ఏడాదిపాటు ఒక్కరు ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. ఆ దిగులుతోనే మానేశాడు. ఎవరికీ అక్కర్లేని పని చేశానన్న బాధ రెండేళ్ళయినా తగ్గలేదు.

"అంతమందికి జవాబులు ఎట్ల ఇచ్చిన్రు సారూ?" అన్నాడు బాలన్న. జగిత్యాల దిక్కు మనిషి, అల్యూమినియం కార్ఖానాలో కాంట్రాక్టు హెల్పరు. మామూలుగా నోరు విప్పడు.

"నిద్రలో కూడా టైపు చేసేవాణ్ణి. ఒక్క ప్రశ్న వదిలితే ఒట్టు."

"నావి మూడు వదిలిన్రు సారూ."

ఎవరూ నవ్వలేదు. బాలన్న గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

"ఓపెన్ స్కూల్ల పదో తరగతి రాద్దామనుకున్న. ఈడుండి ఫీజు ఎట్ల కట్టాలె అని అడిగిన. నెట్టు దుకాణపాయన రాసిచ్చిండు. రాసినప్పుడల్లా, ఓనరు చూసినంక కనపడతది అని వచ్చేది. పది పాసైతె బరువులెత్తే ఫోర్క్‌లిఫ్టు బండి మీద డ్రైవరుగ ఎక్కిస్తమన్నరు మరి. నాతోటి హెల్పరు నర్సింలుకు సర్టిఫికెట్టు ఉండె, ఆయన ఎక్కిండు."

కేశవరావుకి అప్పుడు గుర్తొచ్చింది. బ్లాగు పెట్టిన మొదటిరోజు, పనికిమాలిన రాతలు పడకుండా ఉంటాయని ఏదో గడిలో టిక్కు పెట్టాడు. ఆ టిక్కు పెడితే ప్రతి కామెంటూ తాను ఒప్పుకునేదాకా లోపలే ఆగిపోతుందని తెలుసుకోలేదు. అడిగితే పరువు పోతుందని ఎవర్నీ అడగలేదు కూడా.

ఇద్దరూ పక్కనున్న నెట్టు దుకాణంలోకి వెళ్ళారు. పాస్‌వర్డు ఇంకా పనిచేసింది. లోపల ఇరవై ఆరు కామెంట్లు ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి. బాలన్న మూడోది ఇంగ్లీషు అక్షరాల తెలుగులో ఉంది: "సారూ, రేపే ఆఖరు తారీకు. మీకు పనెక్కువ ఉన్నట్టుంది. ఏం గాదు."

ఆ ఏం గాదు అన్న మాట దగ్గర కేశవరావుకి కళ్ళు నిండాయి. చెయ్యి కీబోర్డు మీద పెట్టాడు.

"ఇప్పుడు రాస్తాను బాలన్నా, ఈ యేడు మళ్ళీ..."

"నాకిగ అక్కెర లేదు సారూ, ఎల్లుండి కాంట్రాక్టు ఖలాస్ చేసుకుని ఇంటికి పోతున్న," అన్నాడు బాలన్న, కుర్చీ ఆయన వైపు జరిపి. "ఇంక ఇరవై ముగ్గురున్నరు గద. వాళ్ళకు రాయుండ్రి."