పొగగుండంలో ఉంగన్న తాడు

ఏంది ఊర్మిలా, పొద్దుగాల్నే వచ్చినవ్, గంజి తాగినవా లేదా? ఆ భుజానికి ఏలాడేదేంది? బెల్టా? నడుముకు కట్టుకొని కొండ దిగేదా? జగదల్‌పూర్ ట్రైనింగుల ఇచ్చిండ్రా? మంచిగున్నది. ఆ పీట ఇటు జరుపుకొని కూసో, నాకు ఎడమ చెవి ఇనరాదు. ఆఁ, ఇప్పుడు చెప్పు. రేపు పొగగుండం జలపాతం చూసేటందుకు టూరిస్టులొస్తున్నరు, మూడు దేశాలోళ్లు. ముందల నువ్వు దిగి జాగ చూస్తవ్, ఎనక వాళ్లు దిగుతరు. పైన తాడు పట్టేది మీ తమ్ముడు ముకేష్. అయితె మీ అమ్మ సుమిత్ర ఒద్దంటున్నది. 'తోడబుట్టినోడు తాడు పట్టొద్దు, మీ తాత అట్లనే పోయిండు, కావాలంటె కాశయ్య తాతనే అడుగు, పట్టింది ఆయనే గద' అన్నది. అంతేనా? ఇగ ముకేష్ పట్టకుంటె జగదల్‌పూర్ నుంచి వేరేటోళ్లను తెచ్చుకుంటరు, నువ్వు మల్ల మిరపతోటల కూలికి గోదారి అవతలికి పోవాలె. సరే. అడగొచ్చినవ్ గాబట్టి చెప్త. నడుమల లేచి పోవద్దు మరి, నాకు సగంల ఆపితె మల్ల మొదలుపెట్టుడు చాతగాదు.

మీ తాతను నువ్వు చూడలే. మీ నాయినే సరిగ్గ చూడలే, అప్పటికి నాలుగైదేండ్ల పోరడు. ముప్పై నాలుగేండ్లయితున్నది. ఒక్క ఫోటో గూడ లేదు మీ ఇంట్ల. ఉన్నయ్, శానా ఉన్నయ్, కాని తీసినోడు పట్టుకపోయిండు, అవి ఏ దేశంల ఏ పెట్టెల పడున్నయో. ఉంగన్న పొట్టి మనిషి, నా చెవి దాక వచ్చేటోడు. కాని నడక మొదలుపెట్టిండంటె ఎనక చూడడు, ఎనకున్నోడు వస్తున్నడా పడ్డడా, వానికి పట్టదు. వానికి అనొద్దు, ఆయనకు. తేనె కోసుట్ల ఈ పదూర్లల ఆయన తర్వాతనే ఎవరన్న. అడ్డతీగ నార తీసి తాడు పేనేటోడు, పేనినంక మూరమూరకు నోట్లె పెట్టి కొరికి చూసేటోడు. నేను నవ్వితె, 'కాశీ, నా పానం దీనికి కట్టి దిగాలె, రుచి చూడకుంటె ఎట్ల?' అనేటోడు. మీ దోర్ల తెగల పుట్టిన మనిషి, నేను గోదారొడ్డు తెలుగోన్ని, మాకు చుట్టరికమేంది అంటవా? మితాన్ కట్టుకున్నం. పది మంది ముందట ఒకరి చెవిల ఒకరం వరికంకి పెట్టుకొని అన్నదమ్ములమయినం. ఉత్త దోస్తానా కాదది. వాళ్లింట్ల చస్తె నాకు మైల, మా ఇంట్ల పుడితె ఆయనకు పండుగ. ఆ దినం నుంచి ఉంగ నాకు ఉంగన్న, మీ నాయనమ్మ హిడ్మే నాకు వదిన.

తాడు పద్ధతి నీకు ఎరికే గాని మల్ల చెప్త ఇను. తేనెకు కొండ దిగేటోనికి పైన తాడు పట్టేది బావమరిదే. అన్నదమ్ముడు పట్టొద్దు, తాకొద్దు గూడ. ఎందుకంటె బావమరిది చెయ్యి జారిస్తె మొగుడు పోయేది వాని అక్కకే. వాడు జారియ్యడు. అదే అన్నదమ్మునికైతె ఏ మూలనో పొలం పాలు మతికొస్తదట. పెద్దలు పెట్టిండ్రు, మంచిదో చెడ్డదో. మీ తాతకు ఎప్పుడు పట్టినా హిడ్మే వదిన తమ్ముడు మంగలే పట్టేది. మనిషి ఎడ్డోని తీరుంటడు, చెయ్యి మాత్రం ఇనుము.

ఆ యేడు కార్తీకంల, వరికోతలప్పుడు, ఒక తెల్లాయన వచ్చిండు. ఎంట ఒక ఆంధ్రాయన, గవర్రాజు, బచేలి ఇనుపగని క్వార్టర్లల ఉండేటోడు, ఇంగిలీసు మాట చెప్పేటందుకు తెచ్చుకున్నడు. ఆ గవర్రాజు మాట ఇంటె పెండ్లిల వడ్డిస్తున్నట్టుండేది. 'కాశయ్యగారూ, ఈయన లోకమంతా తిరిగేశారండీ. తాజ్‌మహలు సరే, ఈజిప్టులో పిరమిడ్లు చూశారండీ, మంచుకొండలెక్కారండీ, ఎక్కడో కాళ్లకి రబ్బరుతాడు కట్టుకుని వంతెన మీంచి తలకిందులుగా దూకేశారండీ బాబూ!' నేను ఇదంత ఉంగన్నకు దోర్లి భాషల చెప్పిన. ఆయన ఆ తెల్లాయనను కింది నుంచి మీది దాక చూసి, 'ఇన్ని చూసినంక ఇంకా ఆకలేనా?' అన్నడు. చిత్రకోట్ జలపాతం చూసిండు, తీరథ్‌గఢ్ జలపాతం చూసిండు, కుటుంసర్ గుహల కండ్లులేని చేపలను చూసిండు, అవి అందరు చూసినయేనట. ఎవ్వరు చూడంది కావాలె ఆయనకు. ఎవరో పొగగుండం పేరు చెవినేసిండ్రు. నీళ్ల ఎనక అర్ర తీరు జాగ ఉంటదని, దాని నెత్తిమీద తేనెపట్లు ఏలాడుతయని. ఉంగన్న ఒప్పుకున్నడు. కాని ఒక్క మాటన్నడు, 'పైనుంచి చూపిస్త, దిగుడు లేదు. మంగల్ ఊర్ల లేడు' అని. మంగల్ దోర్నపాల్ దిక్కు చుట్టాలింట్ల చావుకు పోయిండు, రెండు దినాలకు గాని రాడు. తెల్లాయన సరే సరే అని తలకాయ ఊపిండు. ఇనపడ్డది ఎంతో, అర్థమయింది ఎంతో.

తెల్లారి పొద్దు పొడవంగ బయలెల్లినం. ఉంగన్న, నేను, వాళ్లిద్దరు. వంట సామాను ఎత్తుకొని హిడ్మే వదిన. అడ్డతీగ తాడు ఉంగన్న భుజాన ఉండనే ఉన్నది, అది లేకుండ ఆయన అడివి తొక్కేటోడు కాదు. గవర్రాజుకు కొత్త బూట్లు, సగం దారిల మడిమె ఊడొచ్చింది. 'నా వల్ల కాదండీ, మీరు చూసొచ్చెయ్యండీ' అని ఒక బండ మీద కూలబడ్డడు. అదే మా కొంప ముంచింది. వాడు కూసున్నంక తెల్లాయనకు మాకు నడుమ మాట లేదు. చేతులూపుకునుడే.

పొగగుండం కాడికి వచ్చినంక ఉంగన్న మోదుగాకుల ఇంత ఇప్పసారా పోసి బండ మీద పెట్టిండు. ఆకు ఊగుడు ఆగిందాక అందరు సప్పుడు చెయ్యకుండ కూసోవాలె, అప్పుడే గుండానికి మనం వచ్చినట్టు ఎరికైతదని ఆయన నమ్మకం. కండ్లు మూసుకున్నడు. మేం గూడ మూసుకున్నం. తెరిచి చూసేవరకు తెల్లాయన లేడు. చెట్టుకు ఆయన పిలాస్టిక్ తాడు బిగించున్నది, ఊగుతున్నది. దిగిపోయిండు! పని వచ్చినోడే, లేదనను, కోతి లెక్క దిగిండు. కాని ఒంటికి దోమల మందు పూసుకున్నడు, ఆ ఘాటుకు దారి పొడుగున నేనే ముక్కు మూసుకున్న, ఈగలకు ఎట్లుంటది? ఒకటే మోత లేచింది, నీళ్ల సప్పుడును మించి. వంగి చూస్తె నీళ్ల ఎనక బండ అంచున ముడుసుకొని అరుస్తున్నడు, ఆయన తాడు కింద బండ సందుల ఇరుక్కున్నది. గుంజితె రాదు. ఆయన కింద ఇంకో తాటిచెట్టంత లోతు.

నేను తాడు అందుకోబోయిన. ఉంగన్న నా చెయ్యి తట్టిండు. గట్టిగనే తట్టిండు. 'నువ్వు నా తమ్మునివి కాశీ. ఏమన్న కాని, దీనిమీద చెయ్యెయ్యకు. నామీద ఒట్టు' అన్నడు. మరి ఎవరు పట్టాలె? హిడ్మే వదిన నడుముకు కొంగు బిగించింది. 'మా తమ్ముడు లేకుంటె నేను లేనా? పోతె పోయేది నా మొగుడే గద' అన్నది. ఉంగన్న ఆమె మొఖం చూసి నవ్విండు. తాడును మద్దిచెట్టుకు ఒక చుట్టు తిప్పి కొస ఆమె చేతికిచ్చిండు. పచ్చాకు పొగ కట్ట పండ్లతోని కరుసుకొని దిగిండు. ఆయన దిగుతుంటె తాడు ఆమె చేతులల్ల నుంచి జానెడు జానెడు పోతుండె, నేను పక్కన నిలవడి ఊపిరి గూడ గట్టిగ తీసుకోలే. పొగ పెట్టిండు, ఈగలను తోలిండు, సందుల ఇరుక్కున్న తాడు ఇడిపించిండు. తెల్లాయన పాక్కుంట పైకొచ్చి బోర్ల పడ్డడు, మొఖం వాసి కండ్లు కనపడుత లేవు, కక్కుకుంటున్నడు. ఇగ ఆయన చేతగాని మనిషే.

ఇప్పుడు ఉంగన్న రావాలె. వస్తున్నడు. రెండు బారలు... ఇంకో మూడు బారలైతె అంచు అందుతది. నీళ్ల తుంపరకు చెట్టు బెరడు నానింది, తాడు నానింది. జారుడు మొదలయింది. వదిన మడిమెలు మట్టిల గీతలు గీసుకుంట చెట్టు దిక్కు పోతున్నయ్. 'కాశయ్యా, పట్టు!' అన్నది. ఇంకోసారి, 'కాశయ్యా, పట్టు!' మూడోసారి నన్ను తిట్టింది, దోర్లిల, చెప్పరాదు. నేను ఎంత దూరంల ఉన్ననో చూడు, ఇదో, నీకు నాకు మధ్య ఉన్నంత. ఆగు, చెప్త. ఇప్పటిదాక ఎవ్వరికి చెప్పలే.

నా చెయ్యి ముందలికి పోయింది బిడ్డా, మల్ల ఎనక్కొచ్చింది. ఉంగన్న ఒట్టు వేయించుకున్నడు గద, అందుకే పట్టలే అని శానేండ్లు నాకు నేనే చెప్పుకున్న. అబద్ధం. నా తలకాయల ఉన్నదేందో నాకు తెల్వదా? నేను పట్టినంక ఆయనకేమన్న అయితె, తమ్ముడు పట్టిండు, చంపిండు అంటరు. ఊర్ల ఎట్ల తిరగాలె? అదే తిరుగుతుండె నా తలకాయల, కింద మనిషి ఏలాడుతుంటె. ఆ తర్వాత తాడు వదిన చేతుల నుంచి ఇడిసిపోయింది. అప్పుడు పట్టిన! పోయేదాన్ని పట్టిన. ఈ రెండు చేతుల తోలు లేచిపోయింది, చూడు, ఇంకా నున్నగనే ఉన్నయ్, గీత లేదు. ఏం లాభం? కింద సప్పుడు గూడ ఇనరాలే, నీళ్ల మోతల.

గవర్రాజు మా ఏడుపు ఇని కుంటుకుంట వచ్చిండు. నా చేతులు చూసిండు. 'అయ్యయ్యో, తాడు మీరు పట్టుకున్నారా కాశయ్యగారూ!' అన్నడు. నేను కాదనలే. ఊర్లకు వచ్చేవరకు అదే మాట అయింది. కాశయ్య పట్టిండు, అందుకే ఉంగ పోయిండు. మంగల్ నా మొఖం మీద ఉమ్మిండు. తుడుసుకున్న. ఏ మాట పడొద్దని చెయ్యి ఎనక్కి తీసుకున్ననో ఆ మాటే పడ్డది, అయినా అదే నయమనిపించింది నాకు. పద్ధతి తప్పినోడు అంటె అననీ. పట్టనోడు అని తెలుస్తె నేను ఎట్ల బతకాలె?

వదినకు తెలుసు. నా చేతులు చూసింది, మొఖం చూసింది. ఇరవై రెండేండ్లు బతికింది, ఎవ్వరితోని అనలే. పండుగకు పిలిచి మొదటి ఆకు నాకే వేసేది. నన్ను కొట్టినా బాగుండు.

ఇప్పుడు సుమిత్ర నా పేరు చెప్పి ఒద్దంటున్నది. నేను పట్టినందుకు పోలే మీ తాత. పట్టనందుకు పోయిండు. రేపు ముకేష్‌ను పట్టమను. రెండు చేతులతోని పట్టమను, ఎవడేమన్నా ఇడవొద్దని చెప్పు. మీ అమ్మకు నువ్వు చెప్పకు, నేనే వచ్చి చెప్త, ఇయ్యాలనే వస్త. ఉమ్మినా సరే.

ఏంది, అట్ల చూస్తవ్?

అదుగో, కోళ్లు వడ్ల మీద పడ్డయ్. తోలు బిడ్డా, తోలు.